మరణ సమయ అంచనా: కర్నూలు, కడప మెట్టసీమలో దేహం చెప్పే సాక్ష్యం

మనిషి చనిపోయాక దేహంలో ఒకదాని వెంట ఒకటిగా వచ్చే మార్పులను చూసి, ప్రాణం పోయి ఎంతసేపయిందో లెక్కగట్టడం న్యాయవైద్యంలో పాత ప్రశ్న. దేహం చల్లబడుతుంది. నెత్తురు కిందివైపుకు దిగి చర్మంలో మచ్చలు కడుతుంది. కండరాలు బిగిసి అవయవాలు కొయ్యబారతాయి, మళ్లీ సడలుతాయి. పొత్తికడుపు దగ్గర పచ్చదనం మొదలై కుళ్లు ఒళ్లంతా పాకుతుంది. ఈగ వాలి పురుగు పడుతుంది. ఈ వరుస లోకమంతటా దాదాపు ఒకటే. నడిచే వేగం మాత్రం ఎక్కడికక్కడ వేరు. అనుమానాస్పద మృతి కేసుల్లో పోలీసులు, వకీళ్లు, న్యాయమూర్తులు డాక్టరును అడిగేది వరుస గురించి కాదు, వేగం గురించి. ఆ వేగాన్ని దేహం ఒక్కటే నిర్ణయించదు. దేహమూ, అది పడి ఉన్న చోటూ కలిసి నిర్ణయిస్తాయి. కర్నూలు, కడప లాంటి ఎండనేలల్లో ఈ మాటకు బలం మరీ ఎక్కువ. చల్లని దేశాల్లో కట్టిన గంటల లెక్కలను ఇక్కడికి ఉన్నదున్నట్టు తెస్తే దారి తప్పుతాం. అందుకే ఇక్కడ మరణ సమయం చెప్పదలచినవాళ్లు ముందు చోటును చదవాలి, ఆ తర్వాతే దేహాన్ని.

ఆ చోటు ఎలాంటిదో కొంచెం వివరంగా చూడాలి. ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల్లో ఏడాది సగటు వాన 600 నుంచి 700 మిల్లీమీటర్ల దగ్గర ఆగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పగటి వేడి 40 డిగ్రీలు దాటడం ఇక్కడ వార్త కాదు. అదే రోజు తెల్లవారుజామున 27, 28 డిగ్రీలకు దిగుతుంది. ఒకే రోజులో 12, 14 డిగ్రీల ఊగులాట. నేల కూడా ఒక తీరున ఉండదు. కుందూ లోయలో తేమను పట్టి ఉంచే నల్లరేగడి, మెట్టల మీద నీళ్లు నిలవని ఎర్రనేల, బేతంచెర్ల, బనగానపల్లె, ఎర్రగుంట్ల చుట్టూ తవ్వి వదిలేసిన నాపరాయి గనులు, తూర్పున నల్లమల అడవి, సుంకేసుల నుంచి నంద్యాల మీదుగా కడప దాకా సాగే కేసీ కాలువ. ఒకే రాత్రి చనిపోయిన ఇద్దరిలో ఒకరు మిద్దె ఇంట్లో నాపబండల మీద, మరొకరు కాలువ నీళ్లలో దొరికితే, మూడో రోజుకు ఆ రెండు దేహాలూ వారం తేడాతో పోయినవాళ్లవిలా కనిపించవచ్చు. 1957లో మొదలైన కర్నూలు వైద్య కళాశాలలోనూ, 2006లో వచ్చిన కడప రిమ్స్‌లోనూ మార్చురీకి చేరే దేహాలు ఇన్ని రకాల చోట్ల నుంచి వస్తాయి.

దేహాన్ని చూసి చావుకు కారణం వెతకడం మన దేశంలో ఎప్పటి నుంచో ఉన్న విద్యే. కౌటిల్యుని అర్థశాస్త్రం నాలుగో అధికరణంలో ఆశుమృతక పరీక్ష పేరుతో, హఠాత్తుగా పోయినవారి దేహానికి నూనె పూసి పరీక్షించాలని చెప్పింది. సమయాన్ని అంకెల్లో చెప్పాలన్న పట్టుదల మాత్రం థర్మామీటరుతో వచ్చింది. బ్రిటిష్ సైనిక వైద్యుడు జాన్ డేవీ మాల్టాలో సైనికుల మృతదేహాల వేడిని కొలిచి, ఆ ఫలితాలను 1839లో ప్రచురించాడు. తర్వాతి కాలంలో గంటకు సుమారు ఒక డిగ్రీ చొప్పున దేహం చల్లబడుతుందన్న మోటు సూత్రం పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది. నిజానికి చల్లబడడం అంత సాఫీగా సాగదు: మొదట కొంతసేపు వేడి దిగకుండా నిలుస్తుంది, తర్వాత వేగంగా పడుతుంది, గాలి వేడికి దగ్గరవుతున్నకొద్దీ మందగిస్తుంది. 1980లలో జర్మనీకి చెందిన క్లాస్ హెన్స్‌గే దేహం బరువు, బట్టలు, చుట్టూ ఉన్న గాలి వేడి కలిపి ఒక గీతల పటం తయారుచేశాడు. ఇవాళ్టికీ ప్రపంచంలో ఎక్కువ ఆదరణ ఉన్న పద్ధతి అదే. అన్నీ అనుకూలించినా అది చెప్పే సమయానికి అటూ ఇటూ 2.8 గంటల పొరపాటు ఉండవచ్చని దాన్ని తయారుచేసినవాళ్లే చెప్పారు. గాలి వేడి మారకుండా ఉండాలనీ, దేహం మీద నేరుగా ఎండ పడకూడదనీ షరతులు పెట్టారు. మే నెలలో ఆదోని పొలంలోనో, కమలాపురం రేకుల కొట్టంలోనో ఈ షరతుల్లో ఒక్కటీ నిలవదు.

దీన్ని ఒక ఊహా సందర్భంతో దగ్గరగా చూద్దాం. మే నెల మధ్యలో సాయంత్రం నాలుగింటికి, నాపబండలు పరిచిన కొట్టంలో ఒక దేహం దొరికింది. గాలి వేడి 41 డిగ్రీలు, బండ ఇంకా వేడిగా ఉంది. గుదంలో పెట్టిన థర్మామీటరు 37 చూపించింది. గంటకు ఒక డిగ్రీ సూత్రం నమ్ముకున్నవాడు ప్రాణం ఇప్పుడే పోయిందంటాడు. కానీ ఆ మనిషి తెల్లవారుజామున ఐదింటికి, గాలి 28 డిగ్రీలున్నప్పుడు పోయి ఉండవచ్చు. అప్పటి నుంచి తొమ్మిది, పది దాకా దేహం ఒకటి రెండు డిగ్రీలు దిగి, గాలి దేహంకన్నా వేడెక్కాక మళ్లీ పైకి ఎగబాకి, సాయంత్రానికి బయలుదేరిన చోటికే చేరి ఉంటుంది. మధ్యాహ్నం మూడింటికి పోయిన మనిషి దేహంలోనూ అదే 37 కనిపిస్తుంది. ఒకే అంకె, రెండు మరణాలు, మధ్యలో పది గంటలు. పైగా ఆ మనిషి వడదెబ్బతో పోతే ప్రాణం పోయే వేళకే ఒంటి వేడి 40 దాటి ఉంటుంది. కాబట్టి రాయలసీమ వేసవిలో ఒక్క థర్మామీటరు కొలతను మరణ సమయంగా మార్చడం తప్పు. గంట గంటకూ కొలిచిన గాలి వేడి, బండ వేడి పక్కన పెట్టుకుని చదివితేనే ఆ అంకెకు అర్థం ఉంటుంది.

మరి ఆ రెండు మరణాలను వేరుచేసేది ఏమిటి? మిగిలిన గుర్తులు. నెత్తురు మచ్చలు మరణించిన అరగంట నుంచి రెండు గంటల్లో కనిపించడం మొదలై, నాలుగైదు గంటలకు ఒకదానితో ఒకటి కలిసి, 6 నుంచి 12 గంటల మధ్య కదలకుండా స్థిరపడతాయి. మూడింటికి పోయిన మనిషి వీపు మీద బొటనవేలితో నొక్కితే మచ్చ తెల్లబోతుంది. తెల్లవారుజామున పోయిన దేహంలో నొక్కినా రంగు అలాగే ఉంటుంది. ఎండలో పనిచేసి నల్లబడిన చర్మం మీద ఈ మచ్చలు సులువుగా కనబడవు, గాయాలతో నెత్తురు బాగా పోయిన దేహంలో పలచగా ఉంటాయి; వెలుతురులో, ఓపికగా చూడాలి. ఇక కొయ్యబారడం. కండరానికి శక్తినిచ్చే ఏటీపీ అడుగంటాక కండర తంతువులు ఒకదానికొకటి పట్టుకుని విడవవు. దవడ, మెడ దగ్గర ముందుగా కనిపించి కిందికి దిగే ఈ బిగువు రావడానికి పన్నెండు గంటలు, ఉండడానికి పన్నెండు, పోవడానికి పన్నెండు అని విద్యార్థులు కంఠస్థం చేసే లెక్క ఒకటి ఉంది. ఈ లెక్కే అసలు చిక్కు. మన వేసవిలో బిగువు గంటా రెండు గంటల్లోనే దవడలో తెలుస్తుంది, ఒక రోజు తిరగకుండానే సడలడం మొదలుపెట్టవచ్చు. హైదరాబాదులో కె.ఎస్. నారాయణరెడ్డి రాసి, దేశమంతటా వైద్య విద్యార్థులు చదివే న్యాయవైద్య గ్రంథం కూడా వేసవికీ చలికాలానికీ వేరు వేరు గంటలు ఇస్తుంది. చనిపోయే ముందు పరుగెత్తినా, పెనుగులాడినా, మూర్ఛలు వచ్చినా కండరంలో శక్తి ముందే ఖర్చయిపోయి బిగువు ఇంకా తొందరగా వస్తుంది. వేరుశనగ చేలో రోజంతా కష్టపడిన కూలీకీ, మంచాన పడి ఉన్న ముసలాయనకీ ఒకే గంటల పట్టిక వర్తించదు.

కుళ్లడం గురించి సాధారణంగా ఉన్న నమ్మకం, ఎండ ఎంత ఎక్కువైతే అంత వేగమని. ఇది సగమే నిజం. కుళ్లుకు కారణమయ్యే సూక్ష్మజీవులకు 21 నుంచి 38 డిగ్రీల మధ్య వేడి బాగా అనుకూలం, 48 దాటితే వాటి పని ఆగుతుంది. వేడితో పాటు వాటికి తేమ కూడా కావాలి. వేసవిలో కుడివైపు పొత్తికడుపు మీద పచ్చదనం 12 నుంచి 18 గంటల్లో కనిపిస్తుంది, చలికాలంలో ఒకటి రెండు రోజులు పడుతుంది. రెండో రోజుకు నెత్తురు నాళాల వెంట చర్మం మీద చెట్టుకొమ్మల్లా చారలు తేలతాయి, ముఖం, పొట్ట ఉబ్బుతాయి. అయితే కంపచెట్ల మధ్య ఎర్రనేలలో, వేడిగాలి ఆగకుండా వీచే చోట పడి ఉన్న దేహంలో వేళ్లు, పెదవులు, ముక్కు కొస ముందే ఎండి నల్లబడతాయి. తెరిచి ఉన్న కంటి తెల్లగుడ్డు మీద గోధుమరంగు పట్టీ కొద్ది గంటల్లోనే పడుతుంది. కొన్ని దేహాలు లోపల కుళ్లుతూ పైన తోలులా ఎండిపోతాయి. అమెరికాలోని అరిజోనా ఎడారిలో దొరికిన దేహాలను పరిశీలించి అలిసన్ గాలోవే బృందం 1989లో ప్రచురించిన వ్యాసం, పొడినేలల్లో దేహం త్వరగా ఉబ్బినా ఆ తర్వాత ఎండిపోయి నెలల తరబడి నిలిచే తీరును వివరించింది. మన మెట్టనేలలకు ఐరోపా పట్టికలకన్నా ఆ ఎడారి పరిశీలనే దగ్గరి చుట్టం. చర్మం ఎండి ఉంది కనుక మరణం పాతదని గానీ, చర్మం చెడలేదు కనుక కొత్తదని గానీ ఇక్కడ చప్పున తేల్చకూడదు. అదే దేహం నల్లరేగడిలో పూడితే తేమ పట్టి, కొవ్వు మైనంలా గట్టిపడి, ముఖం పోలిక చాలాకాలం చెక్కుచెదరకుండా ఉండే వీలూ ఉంది.

నీళ్లలో లెక్క మళ్లీ మారుతుంది. జర్మన్ వైద్యుడు కాస్పర్ పేరుతో చెప్పే పాత సూత్రం ప్రకారం గాలిలో ఒక వారంలో జరిగే కుళ్లు నీళ్లలో రెండు వారాలకు, మట్టిలో ఎనిమిది వారాలకు జరుగుతుంది. కేసీ కాలువలోనో, నీళ్లు నిలిచిన గనిగుంటలోనో మునిగిన దేహం వేసవిలో ఒక రోజుకే ఉబ్బి తేలవచ్చు, చలికాలంలో ఇంకా ఆలస్యమవుతుంది. తేలాక పైభాగం ఎండకు వేగంగా చెడుతుంది, నీళ్లలో ఉన్న భాగం నిదానిస్తుంది. చేతుల చర్మం నానిన తీరు, గోళ్లతో సహా చేతిచర్మం ఊడివస్తోందా అన్నది నీళ్లలో ఎంతసేపు ఉందో చెబుతుంది. కాలువలో ఇంకో చిక్కుంది: తూము దగ్గర చిక్కుకున్న దేహం ఎక్కడో పైన పడి ప్రవాహంలో కొట్టుకొచ్చినది కావచ్చు. వేగంగా పారే నీళ్లలో గడిపిన గంటలూ, నిలిచిన నీళ్లలో గడిపిన గంటలూ ఒకటి కావు. 2009 అక్టోబర్ మొదట్లో కర్నూలును ముంచిన తుంగభద్ర, హంద్రీ వరదల్లో, 2021 నవంబర్‌లో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు నది ఊళ్ల మీదికి వచ్చినప్పుడు, నీళ్లు ఏ రోజున వచ్చాయో అందరికీ తెలుసు. అలాంటి విపత్తుల్లో దొరికే దేహాలు, తెలిసిన తేదీతో దేహమార్పులను పోల్చి స్థానిక వేగాన్ని నేర్చుకోవడానికి ఉపయోగపడతాయి.

మొదటి రెండు రోజులు గడిచాక దేహంకన్నా దాని మీది పురుగులు బాగా మాట్లాడతాయి. మన దగ్గర దేహం మీద ముందు వాలేది మెరిసే నీలి, పచ్చ ఈగలు, క్రైసోమియా జాతివి. కంటి కొనలు, ముక్కు, నోరు, గాయాల అంచుల్లో గుడ్లు పెడతాయి. వేసవిలో గుడ్లు 8 నుంచి 24 గంటల్లో పగులుతాయి, పురుగు నాలుగైదు రోజులు తిని పెరిగి గూడు కడుతుంది, మరి నాలుగైదు రోజులకు ఈగ లేస్తుంది. ఈ లెక్క వేడి మీద ఆధారపడ్డది కనుక స్థానిక వేడి తెలిస్తే రోజుల అంచనా బాగా వస్తుంది. ఇక్కడా షరతులున్నాయి. ఈగలు సాధారణంగా రాత్రి గుడ్లు పెట్టవు. మధ్యాహ్నపు మండుటెండలో చర్మం మీద గుడ్డు ఎండిపోతుంది. చీమలు గుడ్లను మోసుకుపోతాయి, అవి కొరికిన గుర్తులు తెలియనివాళ్లకు గాయాల్లా కనిపిస్తాయి. పురుగుమందు తాగి చనిపోయినవారి దేహం మీద ఈగలు ఆలస్యంగా రావచ్చు, పురుగు ఎదుగుదల తేడాపడవచ్చు. పత్తి, మిరప చేలున్న ప్రాంతంలో ఇది మరవరాని సంగతి. కాబట్టి పురుగు వయసు చెప్పేది ఈగ వాలినప్పటి నుంచి గడిచిన కాలాన్ని. మరణం అంతకు ముందు ఎప్పుడో జరిగింది.

పొట్టలోని అన్నం మీద పెట్టుకునే ఆశ అన్నిటికన్నా పెద్దది, ప్రమాదం కూడా. రాగిసంగటో, జొన్నరొట్టో, అన్నమో గుర్తుపట్టి చివరి భోజనం ఏదో చెప్పగలం. ఆ భోజనం ఏ పూటదో ఇంటివాళ్లు చెబితే మరణం ఏ పూట తర్వాతో తేలుతుంది. అంతకు మించి నిమిషాల్లోకి దిగడం కూడదు. భయం, నొప్పి, తలగాయం జీర్ణాన్ని గంటల తరబడి ఆపేస్తాయి. కెనడాలో 1959లో ఒక బాలిక హత్య కేసులో పొట్టలోని ఆహారం చూసి మరణం అరగంట వ్యవధిలోనే జరిగిందని డాక్టరు చెప్పాడు. ఆ అరగంటలో ఆమెతో ఉన్నాడని 14 ఏళ్ల స్టీవెన్ ట్రస్కాట్‌కు ఉరిశిక్ష పడి, తర్వాత యావజ్జీవంగా మారింది. 2007లో ఒంటారియో అప్పీలు కోర్టు అతన్ని నిర్దోషిగా విడిచిపెట్టింది. అరగంట ఖచ్చితత్వం సైన్సు ఇచ్చింది కాదు, కేసు కోరుకున్నది. దాని వెల ఒక జీవితంలో 48 ఏళ్లు.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ వస్తుంది. డాక్టరు 'ఆరు నుంచి పద్దెనిమిది గంటలు' అని విశాలంగా చెబితే నేరస్థుడు ఆ సందులోంచి తప్పించుకోడా? అటువంటి అంచనా కోర్టుకు ఎందుకు? ముఖ్యంగా చివరిసారి ఎవరితో కనిపించాడన్న సాక్ష్యం మీద నడిచే కేసుల్లో ఈ ప్రశ్న పదునెక్కుతుంది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో 2006లో సుప్రీంకోర్టు, నిందితుడూ మృతుడూ కలిసి కనిపించిన వేళకూ మృతదేహం దొరికిన వేళకూ మధ్య వ్యవధి ఇంకెవరికీ చోటివ్వనంత తక్కువగా ఉంటేనే ఆ సూత్రం పనికొస్తుందని, అప్పుడు కూడా మరో ఆధారం వెతకాలని చెప్పింది. అంటే వ్యవధిని కృత్రిమంగా కుదించిన డాక్టరు ఒక మనిషిని ఉరికంబం దాకా తోసేయగలడు. విశాలమైన అంచనా పనికిరానిది కాదు. పైన చెప్పిన కొట్టంలో 'మూడింటిదాకా బతికే ఉన్నాడు' అని ఒక సాక్షి చెబితే, స్థిరపడిన మచ్చలు, ఒళ్లంతా పట్టిన బిగువు, పగిలిన ఈగగుడ్లు ఆ మాట అబద్ధమని తేలుస్తాయి. దేహం చేసే గొప్ప పని సరైన గంటను చూపడం కన్నా తప్పు గంటలను కొట్టేయడమే. తన గంటలకు కారణాలు చెప్పగలిగిన డాక్టరు అడ్డుప్రశ్నల్లో నిలుస్తాడు. పట్టిక అప్పజెప్పినవాడు, 'ఆ పట్టిక ఏ దేశపు చలిలో తయారైందండీ?' అన్న ఒక్క ప్రశ్నకు కూలిపోతాడు.

కంటిద్రవంలోని పొటాషియం కొలిస్తే ఈ గొడవంతా తీరదా అని అడిగేవాళ్లున్నారు. చావు తర్వాత పొటాషియం క్రమంగా పెరుగుతుందన్నది 1960ల నుంచి లెక్కలు కట్టిన విషయం, మంచి పద్ధతే. కానీ ఆ పెరుగుదల కూడా వేడితో వేగం పుంజుకుంటుంది. ఫోన్లు, కెమెరాలు ఉండగా దేహం చూడడం ఎందుకన్నది ఇంకో వాదన. దానిలో బలం ఉంది. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ నల్లమలలో పావురాలగుట్ట దగ్గర కూలింది; శకలాలు కనబడింది మర్నాడు ఉదయం. ఐదుగురి భౌతికకాయాలను కర్నూలు ప్రభుత్వాసుపత్రికి తరలించారు. ప్రమాదం జరిగిన వేళను తేల్చింది ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో ఆగిపోయిన కాక్‌పిట్ శబ్ద రికార్డరే గానీ, వానలో రాత్రంతా ఉన్న దేహాలు కాదు. అలాంటి గడియారపు సాక్ష్యం దొరికినచోట దానికే పెద్దపీట వేయాలి. కానీ గొర్రెలు మేపుకునే మనిషి గనిగుంటలో దొరికినప్పుడు రికార్డరూ ఉండదు, కెమెరా ఉండదు; ఫోను ఆగిన వేళ మనిషి ఆగిన వేళ కాకపోవచ్చు. అక్కడ దేహమూ, చోటూ తప్ప ఆధారం లేదు.

అందుకే పోస్టుమార్టం బల్లకన్నా పంచనామా చోటు కీలకం. భారతీయ నాగరిక సురక్షా సంహిత 2024 జులై 1న అమలులోకి వచ్చాక శవ పంచనామా 194వ సెక్షన్ కింద జరుగుతోంది. ఏడేళ్లు, ఆపై శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి వెళ్లడాన్ని 176వ సెక్షన్ తప్పనిసరి చేస్తుంది, రాష్ట్రాలకు ఐదేళ్ల గడువిచ్చి. ఆ నిపుణుడు అక్కడ గాలి వేడి, నేల లేదా బండ వేడి, దేహం వేడి కొలిచి, కొలిచిన వేళతో సహా రాయాలి. నీడ ఎటు నుంచి ఎటు జరుగుతుందో, దేహం మీద ఎండ ఏ వేళ పడుతుందో రాయాలి. దవడ, మెడ, మోచేతి బిగువును అక్కడే చూడాలి, ఎందుకంటే పూర్తిగా బిగిసిన చెయ్యిని జీపులోకి ఎత్తేటప్పుడు బలవంతాన వంచితే అది మళ్లీ బిగుసుకోదు. పురుగుల్లో పెద్దవాటిని ఏరి కొన్నిటిని ఆల్కహాలులో, కొన్నిటిని ప్రాణంతో భద్రపరచాలి. ఇంట్లో జరిగిన మరణాల్లో పోలీసులు వచ్చేలోపే వేడినీళ్లతో స్నానం చేయించడం, పల్లెల్లో సైతం అద్దెకు దొరుకుతున్న ఫ్రీజర్ పెట్టెలో పెట్టడం మామూలైపోయింది. స్నానం బిగువును చెదరగొడుతుంది. పెట్టెలో దేహం త్వరగా చల్లబడుతుంది, బిగువు ఎక్కువసేపు నిలుస్తుంది, కుళ్లు ఆగుతుంది. హత్య అనుమానమున్న కేసుల్లో పోస్టుమార్టం మామూలుగా పగటి వెలుతురులోనే చేస్తారు గనుక సాయంత్రం దొరికిన దేహం మార్చురీ చలిలో రాత్రి గడుపుతుంది. పెట్టెలో ఎప్పుడు పెట్టారో ఇంటివాళ్లను అడిగి పంచనామాలో రాసి, మార్చురీకి ఎన్నింటికి చేరిందో కూడా నమోదు చేస్తే, డాక్టరు ఆ చల్లని గంటలను విడిగా తీసి లెక్కవేయగలడు. కర్నూలు, కడప మార్చురీల్లో ఈ వివరాలు ప్రతి దేహానికీ నాలుగైదేళ్లు వరుసగా నమోదైతే, మరణ సమయం ఖాయంగా తెలిసిన కేసులను వేరుచేసి, ఈ సీమ వేసవికి, ఈ సీమ చలికి సరిపోయే పట్టికను ఇక్కడే కట్టవచ్చు.